ఇంజిన్ మోగుతోంది, రేడియోలో గొంతు మాత్రం రావట్లేదు: హోమ్ సిమ్యులేటర్‌లో ఎక్కడ వెతకాలి

కావలి తమ్ముడు అడిగిన దాన్ని కుదించి ముందు పెడతాను. తెలియనివాళ్లకి ఒక ముక్క: సిమ్ అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే ప్రోగ్రాం, వ్యాట్‌సిమ్ అంటే అట్టా ఎగిరేవాళ్లకి నిజం మనుషులే కంట్రోలర్లుగా కూర్చుని రేడియోలో దారి చెప్పే ఆన్‌లైన్ నెట్‌వర్క్, వీపైలట్ అంటే సిమ్‌ని దానికి కలిపే ప్రోగ్రాం. "అన్నా, విండోస్ 11, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020. వ్యాట్‌సిమ్‌కి వీపైలట్‌తో కనెక్ట్ అవుతా. ఇంజిన్, ఫ్లాప్స్, గాలి శబ్దం అన్నీ వస్తున్నాయి. కంట్రోలర్ పంపే టెక్స్ట్ కూడా వస్తోంది, అంటే నెట్టు బాగానే ఉంది. గొంతు మాత్రం రావట్లేదు. పోయిన నెలదాకా వచ్చేది. మధ్యలో మానిటర్ మార్చా, సెల్ హెడ్‌సెట్ వాడుతున్నా. సిమ్ సొంత ఏటీసీ (సిమ్‌లోనే ఉండే కంప్యూటర్ కంట్రోలర్) గొంతు కూడా రావట్లేదు. సిమ్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించమంటావా?"

వద్దు. వంద జీబీ దాటే డౌన్‌లోడ్‌ని మళ్లీ మొదలుపెట్టడం ఆఖరి మాట, మొదటి మాట కాదు. పైగా నువ్వు చెప్పిన లక్షణాలకి సిమ్ ఫైళ్లు పాడవడం కారణమయ్యే అవకాశం చాలా తక్కువ. ఇంజిన్ శబ్దం సిమ్ నుంచి వస్తుంది, కంట్రోలర్ గొంతు వీపైలట్ నుంచి వస్తుంది. రెండూ వేర్వేరు ప్రోగ్రాములు. ఒకే హెడ్‌సెట్‌లో వినిపిస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది. "ఇంజిన్ వస్తోంది కదా, సౌండ్ బాగానే ఉంది" అనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు.

చివరి మడికి నీళ్లు రాకపోతే కాలువ మొత్తం తవ్వరు, ఏ తూము దగ్గర ఆగిందో చూస్తారు. ఇక్కడ తూములు అయిదు: విమానంలోని రేడియో, ఆకాశంలో రేడియో అందే దూరం, నెట్టు, వీపైలట్, విండోస్ నుంచి చెవిదాకా ఉన్న వైరు. మధ్య తూము దగ్గర ఒక్క పరీక్ష చేస్తే సగం కాలువ వెతికే పని తప్పుతుంది.

ఆ పరీక్ష ఇది. వ్యాట్‌సిమ్ మ్యాప్ తెరిచి, ఏటీఐఎస్ (ఆ ఎయిర్‌పోర్ట్ వాతావరణం, రన్‌వే వివరాలు చదివే గొంతు) నడుస్తున్న ఎయిర్‌పోర్ట్ ఏదన్నా చూడు. ఇండియాలో ఆ టైముకి లేకపోతే యూరప్‌లో సాయంత్రం పూట ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో విమానం పెట్టి కనెక్ట్ అవ్వు, కామ్ 1 (విమానంలో మొదటి రేడియో) యాక్టివ్‌లో, అంటే అప్పుడు పనిచేసే గడిలో, ఆ ఏటీఐఎస్ ఫ్రీక్వెన్సీ పెట్టు. ఏటీఐఎస్‌నే ఎందుకు ఎంచుకోమంటున్నానంటే అది ఆగకుండా చదువుతూనే ఉంటుంది. కంట్రోలర్ ఎప్పుడు మాట్లాడతాడా అని కాచుకోనక్కర్లేదు. ఇప్పుడు వీపైలట్ కిటికీలో కామ్ 1 పక్కన ఆర్‌ఎక్స్ (గొంతు అందుతోందని చెప్పే) సూచిక చూడు. గొంతు వస్తున్నట్టు ఆ సూచిక చూపిస్తూ నీ చెవికి ఏమీ వినపడకపోతే విమానం, దూరం, నెట్టు మూడూ బాగున్నట్టే. తప్పు వీపైలట్ ఆడియో సెట్టింగ్‌లోనో, విండోస్‌లోనో, వైరులోనో ఉంది. సూచికలో చలనమే లేకపోతే తప్పు ముందరి మూడింటిలో ఉంది, హెడ్‌సెట్‌ని తిట్టి లాభం లేదు.

ముందు రెండో సంగతి చెప్తాను, అంటే సూచికలో చలనం లేని కేసు.

కాక్‌పిట్‌లో మొట్టమొదట చూడాల్సింది కరెంటు. సెస్నా 172లో బ్యాటరీ మాస్టర్ వేసి ఏవియానిక్స్ స్విచ్ మరిచిపోతే రేడియోకి కరెంటు ఉండదు. ఏవియానిక్స్‌కి కరెంటు పంచే బస్ 1, బస్ 2 రెండూ ఆన్‌లో ఉండాలి. తర్వాత ఆడియో ప్యానెల్, అంటే ఏ రేడియో వినాలో ఎంచుకునే చోటు. జీ1000 (ముళ్ల మీటర్ల బదులు తెరలు ఉండే ప్యానెల్) ఉన్న విమానంలో రెండు తెరల మధ్య నిలువుగా ఉండే బటన్ల వరుస అదే. కామ్ 1 మైక్ నొక్కితే మాట్లాడటానికీ వినడానికీ కామ్ 1 ఎంపిక అవుతుంది. ఉత్త కామ్ 2 నొక్కితే అది వినడానికి మాత్రమే. ఫ్రీక్వెన్సీ కామ్ 2లో పెట్టి, ప్యానెల్‌లో కామ్ 1 మాత్రమే వెలుగుతుంటే నిశ్శబ్దమే. ఫ్రీక్వెన్సీని స్టాండ్‌బైలో (ఇంకా పనిలోకి రాని పక్క గడి) తిప్పి, యాక్టివ్‌కి మార్చే బాణం గుర్తు బటన్ నొక్కకపోవడం కూడా తరచూ జరిగేదే.

ఎయిర్‌బస్ ఎ320లో ఇంకో మెలిక ఉంది. పెడెస్టల్ (రెండు సీట్ల మధ్య దిమ్మ) మీద ఆడియో కంట్రోల్ ప్యానెల్‌లో వీహెచ్‌ఎఫ్ 1కి (ఇక్కడ కామ్ 1 పేరు ఇదే) పైన మాట్లాడే బటన్, కింద వినే గుబ్బ విడివిడిగా ఉంటాయి. పై బటన్ వెలుగుతుంటే అంతా సరే అనుకుంటారు. కింద గుబ్బ లోపలికి నొక్కి ఉంటే వినపడదు. దాన్ని నొక్కి బయటికి రప్పించి, వెలిగిందో లేదో చూసి, వాల్యూమ్ పెరిగే వైపు తిప్పాలి. విమానాన్ని అన్నీ ఆపేసిన స్థితిలో లోడ్ చేస్తే ఈ గుబ్బలు సున్నా మీద ఉండటం మామూలే. రన్‌వే మీద ఇంజిన్లతో సహా లోడ్ చేస్తే అన్నీ సిద్ధంగా ఉంటాయి. "నిన్న వచ్చింది, ఈరోజు రాలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి ఈ తేడానే కారణం. అనుమానం ఉంటే మామూలు సెస్నాని రన్‌వే మీద లోడ్ చేసి అదే ఏటీఐఎస్ పెట్టి చూడు. అందులో వచ్చి ఎ320లో రాకపోతే ఇంక విండోస్ జోలికే పోవద్దు.

ఫ్రీక్వెన్సీ అంకెలు కూడా జాగ్రత్తగా చూడు. 25 కిలోహెర్ట్జ్ అంతరంలో ఛానెళ్లు 00, 25, 50, 75తో ముగుస్తాయి. యూరప్‌లో 8.33 కిలోహెర్ట్జ్ ఛానెళ్లు ఎక్కువ, 005, 010, 015 లాంటి చివర్లు ఉంటాయి. విమానం రేడియో 25 అంతరంలో ఉంటే అలాంటి ఛానెల్ అసలు పడదు, పక్క అంకె మీద ఆగుతుంది. రేడియో సెట్టింగ్‌లో 8.33కి మార్చుకోవాలి. పాత రేడియోల్లో మూడో అంకె తెర మీద కనపడదు, 118.025ని 118.02 అనే చూపిస్తుంది. అది తప్పు కాదు.

ఇక దూరం. మన జిల్లాల మీద ఎగిరేవాళ్లు దీన్ని తెలుసుకోవాలి, ఎందుకంటే సగం సార్లు తప్పేమీ ఉండదు, గొంతు అందట్లేదంతే. వ్యాట్‌సిమ్ వాయిస్ పద్ధతి నిజమైన వీహెచ్‌ఎఫ్ (విమానాల రేడియో) లాగే చూపు దూరాన్ని, అంటే భూమి వంపు అడ్డం రాకుండా నేరుగా అందే దూరాన్ని, లెక్కలోకి తీసుకుంటుంది. చేతి లెక్క ఇట్టా వేసుకోవచ్చు: ఎత్తుని అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.23తో గుణిస్తే నాటికల్ మైళ్లు వస్తాయి. వెయ్యి అడుగుల్లో సుమారు 39, రెండు వేల అడుగుల్లో 55, పది వేల అడుగుల్లో 123.

రేణిగుంట ఎయిర్‌పోర్ట్ నుంచి చెన్నై ఎయిర్‌పోర్ట్ గాలి దారిన సుమారు 53 నాటికల్ మైళ్లు. కాబట్టి రేణిగుంటలో నేల మీద ఉండి చెన్నై అప్రోచ్ (ఎయిర్‌పోర్ట్‌కి వచ్చే విమానాలని చూసే కంట్రోలర్) వినపడలేదని దిగులు పడొద్దు. టేకాఫ్ అయ్యి రెండు వేల అడుగులు దాటేదాకా ఆగు. నెల్లూరు ఊరి మీద నుంచి చెన్నై 88 మైళ్ల దాకా ఉంటుంది, అయిదు వేల అడుగుల పైన ఉండాలి. ఒంగోలు మీద నుంచి చెన్నై 150 మైళ్లు, అంటే పదిహేను వేల అడుగులు. అదే ఒంగోలు నుంచి గన్నవరం 75 మైళ్లే, నాలుగు వేల అడుగుల లోపే అందుతుంది. కాబట్టి సెస్నాలో మూడు వేల అడుగుల్లో తీరం వెంబడి రామాయపట్నం, కొత్తపట్నం చూసుకుంటూ పోతుంటే రెండు వైపులా నిశ్శబ్దంగా ఉండే భాగం ఒకటి తప్పకుండా తగులుతుంది. ఈ లెక్క నేల మీది యాంటెన్నా ఎత్తు సున్నా అనుకుని వేసింది, అసలు దూరం కొంచెం ఎక్కువే వస్తుంది. ఏరియా కంట్రోల్‌కి (దారి మధ్యలో ఉన్న విమానాలని చూసే కంట్రోలర్) వేర్వేరు చోట్ల యాంటెన్నాలు పెట్టి ఉంటే మొత్తం మారిపోతుంది.

ఇంకో మామూలు సంగతి: ఆ టైములో ఆ ఫ్రీక్వెన్సీ మీద మనిషే లేకపోవచ్చు. ఇరవై నాలుగు గంటలూ కంట్రోలర్లు కూర్చునే చోటు కాదది. కంట్రోలర్ లేని చోట పైలట్లు తమలో తాము మాట్లాడుకునే 122.800 పెట్టుకుని ఎవరూ పలకట్లేదంటే దగ్గర్లో మాట్లాడే పైలట్ ఇంకొకడు లేకపోవచ్చు.

నెట్టు సంగతి. టెక్స్ట్ వస్తోంది కాబట్టి నెట్టు బాగుందని నువ్వు రాశావు. ఆ మాట నిలవదు. నెట్టులో డేటా పోయే పద్ధతులు టీసీపీ, యూడీపీ అని రెండున్నాయి: టెక్స్ట్, నీ విమానం ఉన్న చోటు టీసీపీ మీద వెళ్తాయి, గొంతు యూడీపీ మీద వస్తుంది. హాస్టల్ వైఫై, ఆఫీసు వైఫై, కొన్ని వీపీఎన్‌లు యూడీపీని అడ్డుకుంటాయి. అప్పుడు మ్యాప్‌లో నీ విమానం కనపడుతుంది, ప్రైవేట్ మెసేజ్‌లు పోతాయి, గొంతు మాత్రం రాదు. తేల్చడం తేలిక: వీపీఎన్ ఆపు, సెల్ హాట్‌స్పాట్‌కి మార్చు, మళ్లీ కనెక్ట్ అవ్వు. హాట్‌స్పాట్‌లో వచ్చి ఇంట్లో లైనులో రాకపోతే రూటరో, యాంటీవైరస్సో అడ్డం. విండోస్ ఫైర్‌వాల్‌లో వీపైలట్‌కి ప్రైవేట్, పబ్లిక్ రెండు గళ్లలోనూ టిక్ ఉండాలి. కొత్త వైఫైకి మారినప్పుడు విండోస్ దాన్ని పబ్లిక్ అనుకుంటుంది, ప్రైవేట్‌కి మాత్రమే అనుమతి ఇచ్చి ఉంటే అక్కడ ఆగిపోవచ్చు. పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టమని కేబుల్ ఆపరేటర్ వెంట పడొద్దు. బయటికి వెళ్లే దారి తెరిచి ఉంటే చాలు.

సిమ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతూ వీపైలట్‌ని మామూలుగా తెరిస్తే రెండింటి మధ్య మాట కుదరక రేడియో ఫ్రీక్వెన్సీ సరిగ్గా చేరకపోవచ్చు, మాట్లాడే బటన్ కూడా పనిచేయకపోవచ్చు. రెండూ ఒకే స్థాయిలో నడపాలి. నా సలహా, రెండూ మామూలుగానే నడుపు.

ఇప్పుడు రెండో సగం. ఆర్‌ఎక్స్ సూచిక కదులుతోంది, చెవికి ఏమీ లేదు. నువ్వు మానిటర్ మార్చానన్నావు కాబట్టి నా అనుమానమంతా ఇటువైపే.

హెచ్‌డీఎంఐ మానిటర్ తగిలించగానే విండోస్‌కి అదొక సౌండ్ పరికరంగా కనపడుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మానిటర్‌కి స్పీకర్లు లేకపోయినా సరే, విండోస్ ఒక్కోసారి దాన్నే డిఫాల్ట్ చేసేసి కూర్చుంటుంది. పైగా విండోస్‌లో డిఫాల్ట్ రెండు రకాలు: మామూలు డిఫాల్ట్ ఒకటి, మాటల ప్రోగ్రాముల కోసం కమ్యూనికేషన్స్ డిఫాల్ట్ ఇంకొకటి. ఒకటి హెడ్‌సెట్ మీద, రెండోది మానిటర్ మీద ఉంటే ఇంజిన్ చెవిలో మోగుతుంది, గొంతు మానిటర్‌లోకి పోయి మాయమవుతుంది. నువ్వు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్, అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ తెరువు. పాత కాలం నాటి చిన్న కిటికీ వస్తుంది. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో హెడ్‌సెట్ మీద రైట్ క్లిక్ చేసి రెండు డిఫాల్ట్‌లూ దానికే ఇవ్వు. మానిటర్ పేరుతో ఉన్నదాన్ని డిజేబుల్ చెయ్యి. అదే కిటికీలో కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో నాలుగు ఎంపికలు ఉంటాయి: మిగతా శబ్దాలన్నీ ఆపడం, 80 శాతం తగ్గించడం, 50 శాతం తగ్గించడం, ఏమీ చేయకపోవడం. ఆఖరిది పెట్టు. లేకపోతే వాయిస్ ప్రోగ్రాం తెరవగానే ఏదో ఒక శబ్దం ఉన్నట్టుండి అణిగిపోతుంది, కారణం కోసం సిమ్ అంతా గాలిస్తావు.

తర్వాత వీపైలట్ సెట్టింగ్స్‌లో ఆడియో. అక్కడ వినే పరికరాన్ని డిఫాల్ట్ అని వదలకుండా హెడ్‌సెట్‌ని పేరుతో ఎంచుకో. యూఎస్‌బీ హెడ్‌సెట్ వాడేవాళ్లకి ఒక మాట: దాన్ని వేరే పోర్ట్‌లో గుచ్చితే విండోస్ కొత్త పరికరం అనుకుని పేరు ముందు 2 అనో 3 అనో తగిలిస్తుంది. వీపైలట్ పాత పేరునే పట్టుకుని ఉంటుంది. ఎప్పుడూ ఒకే పోర్ట్ వాడి, ఆ పోర్ట్ మీద చిన్న స్టిక్కర్ అంటించుకోవడం మేలు. గేమ్ అని ఒకటి, చాట్ అని ఒకటి రెండు పరికరాలుగా కనపడే హెడ్‌సెట్లు కొన్ని ఉన్నాయి, వాటి తీగ మీదో చెవి కప్పు మీదో ఒక చక్రం ఉంటుంది. అది పూర్తిగా గేమ్ వైపు తిరిగి ఉంటే చాట్‌లోకి పంపిన గొంతు సున్నా. మధ్యలో పెట్టు.

వరుస కూడా ముఖ్యం. హెడ్‌సెట్ గుచ్చు, తర్వాత సిమ్, తర్వాత వీపైలట్. నడుస్తున్న ప్రోగ్రాం కింద పరికరాన్ని మారిస్తే చాలాసార్లు అది పాత పరికరానికే శబ్దం పంపుతూ ఉంటుంది.

విండోస్ వాల్యూమ్ మిక్సర్‌లో వీపైలట్ గీత విడిగా ఉంటుంది. అది గొంతు వస్తున్నప్పుడు తెరిచి చూడు. అందులో ప్రతి ప్రోగ్రాంకీ వేరే అవుట్‌పుట్ పరికరం కూడా ఎంచుకోవచ్చు, ఎప్పుడో ఒకసారి పొరపాటున మార్చింది అక్కడే దాక్కుని ఉంటుంది. హెడ్‌సెట్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్లి 48000 హెర్ట్జ్ పెట్టు. అక్కడే ఉన్న ఎక్స్‌క్లూజివ్ కంట్రోల్ టిక్ తీసెయ్యి. స్పేషియల్ సౌండ్ ఆఫ్ చెయ్యి. మరీ ముఖ్యంగా కాన్ఫిగర్ బటన్ నొక్కి స్టీరియో ఉందో లేదో చూడు. 5.1 (ఆరు స్పీకర్ల అమరిక) అని పెట్టి ఉండి నీ దగ్గర ఉన్నది రెండు చెవుల హెడ్‌సెట్ అయితే మధ్య స్పీకర్‌కి పంపిన శబ్దం ఎటూ రాదు. మాటలు ఎక్కువగా పోయేది ఆ మధ్య స్పీకర్‌కే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాలేదంటే వైరు చూడాలి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సెల్ హెడ్‌సెట్ వాడేవాళ్లకి ఈ జబ్బు ఎక్కువ, పట్టుకోవడం తక్కువ.

సెల్ హెడ్‌సెట్ 3.5 మిల్లీమీటర్ల పిన్ను మీద మూడు నల్ల గీతలు, నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. ఇప్పుడు ఎక్కువగా దొరికే సీటీఐఏ పద్ధతిలో మొన ఎడమ చెవి, తర్వాతది కుడి చెవి, మూడోది గ్రౌండ్, అడుగుది మైక్. పాత ఓఎంటీపీ పద్ధతిలో చివరి రెండూ తారుమారు. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో పచ్చ రంగు బెజ్జం మూడు భాగాల పిన్ను కోసం చేసింది. అందులో నాలుగు భాగాల పిన్ను సగం దిగినా, గ్రౌండ్ సరిగ్గా తగలకపోయినా ఒక వింత జరుగుతుంది. రెండు చెవుల్లోనూ సమానంగా ఉండే శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, ఎడమ కుడి మధ్య తేడా ఉన్న శబ్దం మాత్రమే మిగులుతుంది. రేడియో గొంతు మోనో, రెండు చెవులకీ ఒకటే. అది మాయం. ఇంజిన్, గాలి స్టీరియో, అవి పలచగా అయినా వినిపిస్తూనే ఉంటాయి. కంప్యూటర్‌లో సెట్టింగులన్నీ సరిగ్గానే ఉంటాయి, మనిషికి పిచ్చెక్కుతుంది.

దీన్ని పట్టుకోవడానికి సిమ్ అక్కర్లేదు. తెలిసిన సినిమా పాట ఏదన్నా పెట్టు. వాయిద్యాలు వినపడుతూ పాడేవాళ్ల గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటే గ్రౌండ్ తెగింది. పిన్ను పూర్తిగా దిగేలా నొక్కు, అటూ ఇటూ తిప్పి చూడు. పిన్నుని ఒక్క వెంట్రుక బయటికి లాగితే గొంతు తిరిగొచ్చిందంటే పిన్నుకీ బెజ్జానికీ పొత్తు కుదరలేదని అర్థం. సరైన మందు వై స్ప్లిటర్: నాలుగు భాగాల ఆడ పిన్ను ఒకవైపు, మైక్‌కి ఒకటి, చెవులకి ఒకటి మగ పిన్నులు రెండోవైపు. కొనేటప్పుడు సీటీఐఏ అని చూసి తీసుకో. రెండు చెవుల పిన్నులుగా చీల్చే స్ప్లిటర్ కూడా అచ్చం అట్టాగే ఉంటుంది, అది పనికిరాదు. మగ పిన్నుల పక్కన మైకు బొమ్మ, హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్నదే తీసుకో. ఇంకా తేలిక మార్గం చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు. కంప్యూటర్ లోపలి సౌండ్‌తో సంబంధం లేకుండా పోతుంది.

సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్లలో నెలల తరబడి వాడని బెజ్జాల్లో పచ్చగా చిలుము పడుతుంది. పిన్ను తిప్పినప్పుడు గరగరమని శబ్దం వస్తే అదే. కంప్యూటర్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒకటి రెండు చుక్కలు పిన్నుకి రాసి పదిసార్లు గుచ్చి తీసి, పూర్తిగా ఆరాక వెయ్యి. సెల్ రిపేరు షాపులో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. కొబ్బరి నూనె, సెంటు లాంటివి వద్దు.

బ్లూటూత్ హెడ్‌సెట్ అయితే వేరే కథ. దాని మైక్ తెరవగానే స్టీరియో మోడ్ నుంచి హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌కి దూకుతుంది. విండోస్ 10లో రెండూ వేర్వేరు పేర్లతో కనపడటం మామూలు, అక్కడ సిమ్ ఒకదాన్ని, వీపైలట్ ఇంకోదాన్ని పట్టుకుంటే ఒకటి మూగపోతుంది. మైక్‌ని వేరే వైరు మైక్‌కి మార్చి, బ్లూటూత్‌ని వినడానికే ఉంచితే కొంత సర్దుకుంటుంది. సిమ్‌కి బ్లూటూత్ వాడకపోవడమే నా మాట. మాట ఆలస్యంగా చేరి, పక్కవాడి మాట మీద నీ మాట పడుతుంది.

సిమ్ సొంత ఏటీసీ గొంతు కూడా రావట్లేదని నువ్వు రాసిన రెండో ముక్కకి జవాబు వేరు. అది వీపైలట్‌కి సంబంధం లేదు. ఆ గొంతుని నెట్టు మీద అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) తయారు చేసి పంపుతుంది, లేదంటే విండోస్‌లో ఉన్న గొంతులు చదువుతాయి. సిమ్‌లో ఆన్‌లైన్ సౌకర్యాలు ఆపేసి ఉంటే, లేదా నెట్టు తెగితే విండోస్ గొంతుల మీద ఆధారపడాలి. టెక్స్ట్ టు స్పీచ్ అనే వరుసలో ఏది ఎంచుకుని ఉందో చూసి, రెండోదానికి మార్చి చూడు. విండోస్ గొంతులు ఉన్నాయో లేదో తెలియాలంటే సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, స్పీచ్ తెరిచి ప్రివ్యూ వాయిస్ నొక్కు. అక్కడే మూగగా ఉంటే సిమ్‌లో ఎట్టా పలుకుతుంది? ఇంగ్లిష్ ఇండియా గొంతులు హీరా, రవి ఉన్నా సరే, యాడ్ వాయిసెస్‌లో ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ కూడా ఎక్కించి కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్యి. బరువు తగ్గించామని చెప్పి అమ్మే కోత కోసిన విండోస్ ఎక్కించుకున్నవాళ్లకి ఈ గొంతులు అసలు ఉండవు. ఎన్ అని పేరు చివర ఉన్న విండోస్ అయితే మీడియా ఫీచర్ ప్యాక్ విడిగా వేసుకోవాలి.

సిమ్ సౌండ్ పేజీలో గొంతుల స్లైడర్ విడిగా ఉంటుంది, అది సున్నా మీద లేదని చూసుకో. కిటికీ వెనక్కి పోతే శబ్దం ఆపే టిక్ కూడా అక్కడే ఉంటుంది. రెండో తెర మీద చార్ట్‌లు నొక్కగానే అన్నీ మూగపోయేది దానివల్లే.

ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్ వాడేవాళ్లకి సౌండ్ పేజీలో రేడియో స్లైడర్ వేరుగా ఉంటుంది, మిగతాదంతా ఇదే పద్ధతి, వీపైలట్ బదులు ఎక్స్‌పైలట్. పాత ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) సిమ్ శబ్దాలకి ఒక పరికరం, గొంతులకి ఇంకో పరికరం ఎంచుకునే గళ్లు రెండు ఉంటాయి. హెడ్‌సెట్ మార్చినప్పుడు రెండోది చాలామంది ముట్టుకోరు. దాని ఏటీసీ గొంతులు సౌండ్ ఫోల్డర్‌లో జీవీపీ అనే చివరున్న ఫైళ్లలో ఉంటాయి. ఆ ఫైలు పోతే టెక్స్ట్ వస్తుంది, గొంతు రాదు.

ఇంట్లో కాక్‌పిట్ కట్టి అసలు విమానం హెడ్‌సెట్ సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఇది కూడా. చిన్న విమానాల హెడ్‌సెట్‌కి రెండు పిన్నులు ఉంటాయి: లావుది పీజే-055, చెవులకి, 6.3 మిల్లీమీటర్లు. కొంచెం సన్నది పీజే-068, మైక్‌కి, 5.2 మిల్లీమీటర్ల పైన. కన్వర్టర్ పిన్ను కొని నేరుగా కంప్యూటర్‌కి తగిలిస్తే నిరాశే. చెవుల నిరోధం 150 ఓమ్‌లు, అంతకంటే ఎక్కువ ఉంటుంది, కంప్యూటర్ అవుట్‌పుట్ 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకి అలవాటు పడింది, గొంతు బాగా సన్నగా వస్తుంది. ఆ మైక్‌కి 8 నుంచి 16 వోల్టులు కావాలి, కంప్యూటర్ మైక్ బెజ్జం ఇచ్చేది అయిదు వోల్టుల లోపే. వీటికోసమే చేసిన యూఎస్‌బీ అడాప్టర్ ఉండాలి. లేదంటే ఆ డబ్బుతో మంచి యూఎస్‌బీ హెడ్‌సెట్ కొనుక్కోవడం లాభం.

గొంతు వస్తోంది గానీ వెనక గుంయ్‌మని హోరు వస్తోందంటే అది రేడియో తప్పు కాదు. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడుపు. హోరు పోతే ఎర్తింగ్ లేని సాకెట్, లేదా ఇన్వర్టర్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే వస్తుంటే ఆ ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది (లైను కరెంటు లాగే నున్నటి అల ఇచ్చేది) కాకపోవచ్చు. మూడు పిన్నుల చార్జర్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌తో వాడకుండా ఉంటే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

నీకు వినపడి, నీ మాట అవతలికి పోకపోతే మూడు చోట్లే చూడు. విండోస్ ప్రైవసీలో మైక్రోఫోన్‌కి డెస్క్‌టాప్ యాప్‌ల అనుమతి ఆన్‌లో ఉందా, మాట్లాడే బటన్ వీపైలట్‌లో పెట్టావా లేక సిమ్‌లో పెట్టావా, మాట్లాడేటప్పుడు టీఎక్స్ (గొంతు పోతోందని చెప్పే) సూచిక కదులుతోందా. బటన్ వీపైలట్‌లోనే పెట్టాలి, అదే బటన్‌కి సిమ్‌లో ఉన్న వేరే పని తీసెయ్యాలి.

నీ కేసులో వరుస ఇట్టా పెట్టుకో: ఏటీఐఎస్ పరీక్ష, మానిటర్ సౌండ్ పరికరాన్ని డిజేబుల్ చేయడం, వీపైలట్‌లో హెడ్‌సెట్‌ని పేరుతో ఎంచుకోవడం, పాట పెట్టి గ్రౌండ్ చూడటం. ఒక్కోసారి ఒక్కటే మార్చి, మళ్లీ అదే ఏటీఐఎస్ విను. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలీక వచ్చే నెల మళ్లీ మొదటికొస్తుంది. ఇంకా రాకపోతే ఇవి రాయి: ఏ విమానం, కామ్ 1 యాక్టివ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీ, ఎక్కడ ఎంత ఎత్తులో ఉన్నావు, ఆర్‌ఎక్స్ సూచిక కదిలిందా లేదా, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో కనపడే పరికరాల పేర్లన్నీ, హెడ్‌సెట్ పిన్ను మీద ఎన్ని గీతలు ఉన్నాయో.